రిక్తుడైన దేవుడు, కోట కట్టుకున్న సంఘం

గత డిసెంబరులో ఒకే వారంలో పోస్ట్‌మోడర్నిజం మీద రెండు ప్రసంగాలు వినాల్సి వచ్చింది. మొదటిది ఒంగోలు దగ్గర మా బంధువుల ఊళ్ళో, ఒక జ్ఞాపకార్థ కూడికలో. వాక్యం చెప్పడానికి వచ్చిన యువ సంఘకాపరి, సత్యమంటూ ఏదీ లేదని బోధించే పోస్ట్‌మోడర్నిజమే ఈ తరానికి పట్టిన అపవాది అని మొదలుపెట్టాడు. పది నిమిషాలు గడవకముందే, సైన్సు కూడా ఒక నమ్మకమేననీ, ఎవరి కథ వాళ్ళదనీ, మన కథలో నిలబడ్డ మనల్ని బయటివాళ్ళ కొలతలతో కొలిచే హక్కు ఎవరికీ లేదనీ ముగించాడు. ఏ అపవాదిని తిట్టాడో ఆ అపవాది భుజం మీదే చెయ్యి వేసుకుని నడుస్తున్నానన్న అనుమానం ఆయనకు రాలేదు.

రెండోది హైదరాబాదులో ఒక సాహిత్య సభ. మతం, మార్క్సిజం, ప్రగతి అన్నీ కూలిపోయిన మహాకథనాలేననీ, అంటే లోకం మొత్తాన్నీ ఒకే కథలో ఇమిడ్చి చెప్పే కథలేననీ, మిగిలింది శకలాలేననీ, కాబట్టి రచయితకు ఏ నిబద్ధతా అక్కర్లేదనీ వక్త గంటసేపు చెప్పారు. వెనక వరసలోంచి ఒక అమ్మాయి లేచి, "మరి కులం కూడా కూలిపోయిందా సార్?" అని అడిగింది. "అది వేరే విషయం" అని ఆయన నీళ్ళు తాగారు.

కాలేజీలో ఇరవై ఏడేళ్ళు తత్వశాస్త్రం చెప్పినవాణ్ణి కాబట్టి ఇద్దరి తప్పులూ పట్టుకోవడం నాకు కష్టమేమీ కాలేదు. నన్ను ఇబ్బంది పెట్టింది వేరొకటి. అవే మాటలు ఒకరికి ప్రాకారంగానూ మరొకరికి రాజీనామా పత్రంగానూ ఎలా పనికొచ్చాయన్నది. పోస్ట్‌మోడర్న్ అని పిలవబడే ఆలోచనలు చాలా ఉన్నాయని, వాటిలో కొన్ని ఒకదాన్నొకటి సహించలేవని పాఠ్యపుస్తకాలు చెబుతూనే ఉంటాయి. కానీ అవి విడదీసే పద్ధతి, ఎవరు దేన్ని సందేహించారన్న జాబితా. ఆ జాబితా వల్ల నాకు ఎప్పుడూ ఏమీ తేలలేదు. ఊరందరి మీదా వేసిన సందేహం చివరికి సొంత ఇంటి గడప తొక్కుతుందా, గుమ్మం దగ్గరే ఆగిపోతుందా అన్నదే తత్వశాస్త్రంలోనూ దైవశాస్త్రంలోనూ ఈ ధోరణులను విడదీయడానికి సరైన కొలత అని నాకు అనిపిస్తోంది. ఆ కొలతతో కొందరిని కొలిచి చూద్దామని, ఆ కొలత మీద నాకే ఉన్న అనుమానాలను కూడా చెబుదామని ఈ వ్యాసం.

లియోటార్ రెండు పుస్తకాలు

ఫ్రెంచి తత్వవేత్త జాఁ ఫ్రాఁస్వా లియోటార్ పేరు రాగానే అందరూ ఎత్తేది 1979లో వచ్చిన చిన్న పుస్తకాన్నే. క్యుబెక్ ప్రభుత్వానికి చెందిన విశ్వవిద్యాలయాల మండలి అడిగితే, బాగా అభివృద్ధి చెందిన సమాజాలలో విజ్ఞానం పరిస్థితి ఏమిటో చెబుతూ రాసిన నివేదిక అది. 'మహాకథనాల పట్ల అపనమ్మకం' అన్న ప్రసిద్ధ నిర్వచనం అందులోనిదే. అక్కడ ఆయన ప్రధానంగా గురిపెట్టినవి, విజ్ఞానం మానవజాతిని విముక్తం చేస్తుందన్న ఫ్రెంచి విప్లవపు కథ, విజ్ఞానం తనను తాను సంపూర్ణం చేసుకుంటూ పోతుందన్న హెగెల్ తరహా జర్మన్ కథ. క్రైస్తవ రక్షణ కథను ఆ వరసలో చేర్చింది తర్వాతి రచనల్లో. ఈ సంగతి తెలిస్తే మా యువ కాపరి అంత కంగారు పడేవాడు కాడు. హైదరాబాదు వక్తకు అంత ధైర్యమూ వచ్చేది కాదు.

నాకు మాత్రం 1983లో వచ్చిన రెండో పుస్తకం ముఖ్యం. ఇద్దరి మధ్య తగవు వచ్చి, దాన్ని తీర్చే న్యాయస్థానం ఆ ఇద్దరిలో ఒకరి భాషలో మాత్రమే మాట్లాడితే, రెండో మనిషికి జరిగిన అన్యాయం ఆ భాషలో అన్యాయంగా కనిపించనే కనిపించదు. ఆ పరిస్థితికి ఆయన పెట్టిన పేరుకు తెలుగులో మాట లేదు. 'తీర్పుకు అందని తగవు' అనుకుందాం. నాజీల విషవాయు గదులు లేనే లేవని వాదించేవాళ్ళు, పని చేస్తున్న గదిని కళ్ళారా చూసిన సాక్షిని తెమ్మంటారు. అలా చూసినవాళ్ళు చనిపోయారు. చనిపోయినవాళ్ళు సాక్ష్యం చెప్పలేరు. పుస్తకం అక్కడ మొదలవుతుంది.

ఈ పుస్తకం చదువుతున్నప్పుడు నాకు చుండూరు గుర్తొచ్చింది. 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను చంపారు. 2007లో ప్రత్యేక న్యాయస్థానం శిక్షలు వేసింది. 2014లో హైకోర్టు, ప్రాసిక్యూషన్ నేరాన్ని నిరూపించలేకపోయిందని అందరినీ విడుదల చేసింది. కచ్చితంగా చూస్తే ఇది లియోటార్ చెప్పిన తగవు కాదని ఒక మిత్రుడు నాతో వాదించాడు. చట్టం హత్యను హత్యగానే గుర్తించింది, భాష లేకపోవడం అనే సమస్య అక్కడ లేదు, సాక్ష్యం నిలిచిందా లేదా అన్నదే ప్రశ్న అన్నాడు. అతని మాటలో న్యాయం ఉంది. కానీ ప్రాణభయంతో పొలాల వెంట పరుగెత్తిన మనిషిని ఎన్ని గంటలకు, ఎంత దూరం నుంచి, ఎవరి చేతిలో ఏ ఆయుధం చూశావని అడిగే భాషలో ఆ పరుగు ఎంతవరకు పడుతుందన్నది నాకు ఇంకా తెగని ప్రశ్నే. మహాకథనాలు కూలిపోవడాన్ని వేడుకగా ప్రకటించే లియోటార్ కంటే, మాట దొరకని మనిషి పక్కన నిలబడి ఆ మౌనాన్ని వినాలనే ఈ లియోటార్ నాకు దగ్గరివాడు. ఈ సందేహం కోర్టు గడపే కాక సిద్ధాంతకర్త గడప కూడా తొక్కుతుంది. బాధితుడి తరపున మాట్లాడే నా భాష కూడా అతని మాటను మింగేయవచ్చు కదా.

నాస్తికుడిగా చలామణి అయిన మనిషి

మరో ఫ్రెంచి తత్వవేత్త జాక్ దెరిదా సంగతి ఇంకా చిక్కైనది. తెలుగులో వినిర్మాణం అని పిలుస్తున్న ఆయన పద్ధతిని రాతలో ఉన్న అర్థాన్ని ముక్కలు చేసే ఆటగా మన సభల్లో పరిచయం చేస్తుంటారు. కానీ ఆయన 1989లో న్యూయార్కులోని ఒక న్యాయ కళాశాలలో చేసిన ప్రసంగంలో, చట్టాన్ని విప్పి చూడవచ్చుననీ, న్యాయం అంటూ ఒకటి ఉంటే దాన్ని మాత్రం విప్పలేమనీ అన్నాడు. చట్టం కట్టినది కాబట్టే విప్పదగినది. న్యాయం ఇంకా వచ్చి చేరలేదు. ఆ రావలసినదాని ఒత్తిడి వల్లనే విప్పే పని సాగుతుంది. ఫ్రెంచి అల్జీరియాలో యూదు కుటుంబంలో పుట్టి, పన్నెండేళ్ళ వయసులో, 1942లో, యూదుడన్న కారణంగా బడినుంచి వెళ్ళగొట్టబడిన పిల్లవాడికి చట్టమూ న్యాయమూ ఒకటి కావని ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు.

దేవుడి విషయంలో ఆయన తప్పించుకున్నాడని అటు భక్తులూ ఇటు నాస్తికులూ విసుక్కుంటారు. దేవుణ్ణి 'ఇది కాదు, అది కాదు' అంటూ చెప్పే నిషేధ మార్గపు దైవశాస్త్రానికీ తన ఆలోచనకూ పోలిక ఉందన్న మాటను ఆయన 1968 నాటికే కాదన్నాడు. ఆ మార్గం అన్నిటినీ కాదని కాదని, చివరికి ఉనికికి పైనున్న మరో మహా ఉనికి దగ్గర ఆగుతుందనీ, తాను అక్కడ ఆగడం లేదనీ ఆయన అభిప్రాయం. 1986లో జెరూసలేంలో ఇదే విషయం మీద సుదీర్ఘంగా మాట్లాడుతూ, తనకు పుట్టుకతో దగ్గరైన యూదు, అరబ్బు సంప్రదాయాలను గురించి మాత్రం మాట్లాడకుండా ఆ చోటును ఖాళీగా వదిలాడు. తల్లి మరణశయ్య మీద ఉండగా రాసిన ఆత్మకథాత్మక రచనలో, తాను నాస్తికుడిగా చలామణి అవుతాననీ అది సరైనదేననీ అంటూనే, జీవితమంతా ప్రార్థిస్తూ వచ్చానని కూడా రాసుకున్నాడు. 'నేను నాస్తికుణ్ణి' అనడానికీ 'నాస్తికుడిగా చలామణి అవుతాను' అనడానికీ ఉన్న తేడా తెలుగులో ఇంకా బాగా వినిపిస్తుంది, ఎందుకంటే మన భాషలో దొంగనోటు కూడా చలామణి అవుతుంది.

ఇక్కడ మనవాళ్ళకు ఒక అలవాటు ఉంది, నాకూ ఉండేది. దెరిదా పేరు వినగానే "ఇది మన నాగార్జునుడు ఎప్పుడో చెప్పాడు" అంటాం. నాకంటూ ఏ ప్రతిజ్ఞా (నిరూపించాల్సిన సిద్ధాంతం) లేదని నాగార్జునుడు అన్న మాట నిజమే, ఈ ఇద్దరినీ పోల్చిన పండితులు పాశ్చాత్యుల్లోనూ ఉన్నారు. కానీ నాగార్జునుడి శూన్యత దుఃఖం నుంచి విడుదల కోసం చేసిన సాధనలో భాగం. దెరిదాకు అలాంటి విడుదల గురించి ఏ హామీ లేదు. పోలిక చెప్పేసి ఊరుకుంటే ఇద్దరినీ చదవకుండా తప్పించుకోవడానికి మాత్రమే అది పనికొస్తుంది.

రిక్తునిగా చేసికొనెను

1966 ఏప్రిల్ 8న, అంటే ఆ ఏటి శుభ శుక్రవారం నాడు, అమెరికాలో టైమ్ పత్రిక నల్లటి అట్ట మీద ఎర్ర అక్షరాలతో 'దేవుడు చనిపోయాడా?' అని అచ్చు వేసింది. దాని వెనక ఉన్నవాళ్ళలో ముఖ్యుడు అట్లాంటాలోని ఎమరీ విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న దైవశాస్త్రవేత్త థామస్ ఆల్టైజర్. జర్మన్ తత్వవేత్త నీషే 1882లో సంతవీధిలో పట్టపగలు లాంతరు పట్టుకు తిరిగే పిచ్చివాడి నోట పలికించిన వార్తను ఈయన శుభవార్తగా మార్చాడు. దేవుడు తన దూరాన్నీ పరత్వాన్నీ వదులుకుని క్రీస్తులో, ఈ లోకంలో పూర్తిగా ఖాళీ అయిపోయాడు అన్నది అతని వాదం. 1984లో అమెరికన్ పండితుడు మార్క్ టేలర్ దీనికి దెరిదాను జతచేసి, వినిర్మాణమే దేవుడి మరణానికి వ్యాఖ్యానమన్నాడు. ఆ పుస్తకం నాకు ఒకటికి రెండుసార్లు చదివినా నోటికి రుచి తగల్లేదు. దేవుడూ, నేనూ, చరిత్రా, గ్రంథమూ అన్నీ అంతమైపోయాక కూడా రచయిత గొంతులో ఎక్కడా ఎవరినీ పోగొట్టుకున్న జాడ ఉండదు.

ఇటలీలోని తూరిన్‌కు చెందిన తత్వవేత్త జాన్నీ వత్తిమో అలా కాదు. 1983 నుంచి 'బలహీన చింతన' అన్న మాట ఆయన పేరుతో ముడిపడి ఉంది. దృఢమైన పునాదులు, తిరుగులేని సత్యాలు అనేవన్నీ మనుషుల మీద బలప్రయోగానికి దారితీశాయి కాబట్టి, తత్వశాస్త్రం బలాన్ని తగ్గించుకోవడం నేర్చుకోవాలన్నది సారాంశం. ఒకసారి ఫోనులో పాత గురువొకాయన, ఇంకా దేవుణ్ణి నమ్ముతున్నావా అని అడిగితే, "నమ్ముతున్నాననే నమ్ముతున్నాను" అన్నాడట. 1996లో వచ్చిన చిన్న పుస్తకానికి అదే పేరు పెట్టాడు. ఆయన వాదనకు ఆయువుపట్టు పౌలు ఫిలిప్పీయులకు రాసిన పత్రిక, రెండో అధ్యాయం. దేవుడితో సమానుడైనవాడు తనను తాను ఖాళీ చేసుకున్నాడన్న ఆ మాట, వత్తిమో దృష్టిలో, పాశ్చాత్య చరిత్ర మొత్తానికి తాళపుచెవి. మతం బలం తగ్గి లౌకికత పెరగడం క్రైస్తవానికి ఓటమి కాదనీ, ఆ ఖాళీ చేసుకోవడమే చరిత్రలో కొనసాగుతోందనీ ఆయన అంటాడు.

మన తెలుగు బైబిలులో ఆ వచనం 'తన్ను తానే రిక్తునిగా చేసికొనెను' అని ఉంటుంది. చిన్నప్పుడు ఆదివారపు బడిలో కంఠస్థం చేశాను, అర్థం తెలియకుండానే. రిక్తహస్తాలతో వచ్చాడంటే వట్టి చేతులతో వచ్చాడని తెలిసేది కానీ, మనిషే రిక్తం కావడమేమిటో తెలిసేది కాదు. వత్తిమోను చదివాక ఆ పాత మాట నాకు కొత్తగా వినబడింది. అందుకు ఆయనకు ఋణపడి ఉన్నాను. అయినా నా కొలత దగ్గరికి వస్తే ఆయన తడబడతాడు. బలమైన కథలన్నీ బలహీనపడాలన్న మనిషి, ఐరోపా లౌకికతే దేవుడి అవతారానికి గమ్యమని చెప్పేసరికి, లియోటార్ ఏ కథల గురించి హెచ్చరించాడో అలాంటి కథే మళ్ళీ తయారైంది. ఈసారి వినయం వేషంలో. పైగా ఏడో వచనం దగ్గర అంతసేపు నిలిచినవాడు, 'అధికముగా హెచ్చించి' అనే తొమ్మిదో వచనం గుమ్మం దగ్గరికి వచ్చేసరికి త్వరత్వరగా నడిచిపోతాడు.

ఈ వరసలో నాకు ఎక్కువ నచ్చినవాడు అమెరికన్ తత్వవేత్త జాన్ కపూతో. దెరిదా ప్రార్థనల గురించి 1997లోనూ, దేవుడి బలహీనత గురించి 2006లోనూ పుస్తకాలు రాశాడు. దేవుడు లోకాన్ని నడిపే శక్తి కాడు, ఒక పిలుపు. దాన్ని నిజం చేయడమో విడిచిపెట్టడమో మన చేతుల్లో ఉంది అంటాడు. సందేహం ఆయన ఇంట్లో తిరుగుతూనే ఉంటుంది, అది నిస్సందేహం. నా ఫిర్యాదు ఒకటే. ఆ ఇంట్లో అద్దె ఎవరు కడుతున్నారో తెలియదు. పిలుపు ఎవరిదో తేల్చనక్కరలేదు, సంఘం అక్కరలేదు, ఆచారం ఐచ్ఛికం అయినప్పుడు, ఆ విశ్వాసాన్ని నా మనవరాలికి ఏ రూపంలో అందించాలో నాకు అర్థం కాదు.

విగ్రహం అన్న మాట దగ్గర

ఒక చిన్న పత్రిక మిత్రులు అడిగితే, ఫ్రెంచి కాథలిక్ తత్వవేత్త జాఁ లూక్ మారియోఁ ఆలోచనను తెలుగులో పరిచయం చేయడానికి ఒప్పుకున్నాను. ఆయన 1982 నాటి పుస్తకం దేవుణ్ణి 'ఉనికి' అన్న తాత్విక చెరనుంచి విడిపించాలంటుంది. అంతకు ముందే, 1957లో, తనకు తానే కారణమైన తత్వవేత్తల దేవుడి ముందు మనిషి మోకరించనూ లేడు, పాడి ఆడనూ లేడు అని జర్మన్ తత్వవేత్త హైడెగర్ అన్నాడు. మారియోఁ ఆ మాటను పట్టుకుని, నిర్గమకాండంలో మోషేతో చెప్పిన పేరు కంటే, యోహాను మొదటి పత్రికలో దేవుడికి ఇచ్చిన ప్రేమ అన్న పేరే ముందుదని వాదిస్తాడు. తెలుగు బైబిలులో ఒకచోట 'నేను ఉన్నవాడను అను వాడనై యున్నాను', ఇంకొకచోట 'దేవుడు ప్రేమాస్వరూపి'. రెండు వాక్యాలు పక్కపక్కన రాసుకుంటే సగం వ్యాసం పూర్తయిందనిపించింది.

మిగతా సగం దగ్గర చిక్కుకున్నాను. చూపు తనమీదే ఆగిపోయి, అద్దంలా చూసేవాడి కోరికను వాడికే తిప్పి ఇచ్చేది ఒకటి. దాటి చూడమంటూ, తనవైపు నుంచే మనల్ని చూసేది మరొకటి. మారియోఁ వాదన ఈ రెండింటి మధ్య భేదం మీద నిలబడింది. మొదటిదానికి తెలుగు క్రైస్తవ భాషలో ఉన్న ఏకైక మాట విగ్రహం. రెండోదానికి మాటే లేదు. కానీ నా పక్కింటివారి గుడిలో విగ్రహానికి ప్రతిష్ఠలో కళ్ళు తెరిపిస్తారు. భక్తుడు దర్శనానికి వెళ్ళేది తాను చూడటానికే కాదు, ఆ చూపు తనమీద పడటానికి కూడా. అంటే మారియోఁ మెచ్చుకున్న రెండో వస్తువుకు ఉండవలసిన లక్షణమంతా తెలుగులో మొదటి మాటలోనే ఉంది. ఆ మాటను తిట్టుగా మార్చిన అనువాదాల చరిత్ర నాది. మా అత్తయ్య ఇప్పటికీ ఆ మాట చెప్పేటప్పుడు గొంతు తగ్గిస్తుంది.

మారియోఁ అందంగా ఆలోచిస్తాడు. కానీ ఎవరి వస్తువు చూపును ఆపుతుందో, ఎవరిది దాటిస్తుందో తేల్చే హక్కు ఆయన దగ్గరే ఉండిపోయింది. తన సంఘపు బల్లారాధన (రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆరాధన) దగ్గరికి వచ్చేసరికి సందేహం చెప్పులు బయట విడిచి వేచి ఉంటుంది. ఆ పరిచయ వ్యాసం ఇంకా ఇవ్వలేదు. పత్రికవాళ్ళు అడగడం మానేశారు.

వ్యాకరణం, కోట

మా యువ కాపరి తెలియకుండానే చెప్పిన మాటలకు పండిత రూపాలు రెండున్నాయి. ఒకటి అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయపు జార్జ్ లిండ్‌బెక్‌ది, రెండోది బ్రిటన్‌లో జాన్ మిల్‌బ్యాంక్‌ది.

లూథరన్ మిషనరీ దంపతులకు 1923లో చైనాలో పుట్టిన లిండ్‌బెక్, 1984లో రాసిన పుస్తకంలో మతాన్ని భాషతో పోల్చాడు. సిద్ధాంతాలు లోకాన్ని గురించిన ప్రకటనలు కావు, లోపలి అనుభవానికి పెట్టుకున్న పేర్లూ కావు; అవి ఆ భాష మాట్లాడేవారి వ్యాకరణ సూత్రాలు. భాష ముందు వస్తేనే ఆ భాషలో ఏడవడం, మొక్కడం వీలవుతుంది. బయటనుంచి చూస్తే ఇది గడియ వేసుకున్న ఇల్లులా కనిపిస్తుంది. ఏ భాషనైనా తప్పని ఎవరంటారు? చాలా ఏళ్ళు నేనూ అలాగే చదివి ఆయన్ను పక్కన పెట్టాను. ఈ వ్యాసం కోసం మళ్ళీ తీస్తే, నేను మర్చిపోయిన ఒక ఉదాహరణ కనిపించింది. క్రీస్తే ప్రభువు అని అరుస్తూ అవిశ్వాసి పుర్రెను చీల్చే క్రూసేడు యోధుడి నోట ఆ వాక్యం అబద్ధమవుతుందంటాడు ఆయన. వ్యాకరణం సరిగ్గా ఉన్నా, ఆ మాటను ఏ జీవితం పలుకుతోందన్నది దాని నిజాన్ని చెడగొట్టగలదన్నమాట. గడియ నేను అనుకున్నంత గట్టిగా లేదు. ఇన్నేళ్ళుగా విద్యార్థులకు ఆయన్ను గురించి సగమే చెప్పాను.

మిల్‌బ్యాంక్ సంగతి వేరు. 1990 నాటి ఆయన బృహద్గ్రంథంలో మొదటి అధ్యాయం, ఒకప్పుడు లౌకికం అనేదే లేదు అన్న వాక్యంతో మొదలవుతుంది. సామాజిక శాస్త్రాలు తటస్థమైనవి కావనీ, అవి వేషం మార్చుకున్న దైవశాస్త్రాలేననీ, నీషే నుంచి ఫ్రెంచి తత్వవేత్త ఫూకో దాకా అందరూ హింసే మూలమన్న పురాణాన్ని చెబుతున్నారనీ ఆయన వాదన. ఆ పురాణాన్ని తర్కంతో ఓడించలేం, అంతకంటే మంచి కథ చెప్పి గెలవాలి. ఆ కథ శాంతి మూలమైన క్రైస్తవ కథ. 1999లో తన మిత్రులతో కలిసి దీనికి ఒక ఉద్యమ రూపమూ ఇచ్చాడు. చదువుతుంటే ఆ పాండిత్యానికి తల తిరుగుతుంది, పదమూడో శతాబ్దపు డన్స్ స్కోటస్ చేసిన ఒక తాత్విక పొరపాటు నుంచి ఆధునిక లోకపు రోగాలన్నీ పుట్టాయని నమ్మాలనిపిస్తుంది కూడా. పుస్తకం మూసి కాసేపు బయట తిరిగితే, పునాదులు లేవన్న పోస్ట్‌మోడర్న్ మాటను పక్కవాడి ఇల్లు కూల్చడానికి వాడుకుని, ఆ ఇటుకలతోనే తన కోట ఎత్తు పెంచుకున్నాడని తెలుస్తుంది. న్యాయంగా ఒక మాట చెప్పాలి: సంఘం ఆ శాంతిని ఆచరించకపోతే ప్రాచీనులు ఎరగని నరకాన్ని తయారుచేస్తుందని పుస్తకం చివర ఆయనే హెచ్చరిస్తాడు. కానీ వందల పేజీల కోటకు ఆఖరి పేజీలో ఒక్క కిటికీ పెట్టినట్టుంది అది.

నాయనమ్మ లెక్క

ఇంతవరకు రాసి ఆపేసి ఉంటే నా కొలత బాగానే పనిచేసినట్టుండేది. దాన్ని నా ఇంట్లోకి తెచ్చి చూడాలి కదా.

మా నాయనమ్మ చదువుకోలేదు. 1876 నుంచి వచ్చిన మహా కరువు, ఆ తర్వాత 1878 జులై 3న గుండ్లకమ్మ దగ్గర ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం పుచ్చుకోవడం, ఆమెకు పుస్తకంలో చదివిన చరిత్ర కాదు, వాళ్ళ తాతల కథ. బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకాన్ని కాంట్రాక్టు తీసుకుని, కరువులో మాదిగలకు పని కల్పించిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర, తిండి కోసం చేరుతున్నారన్న మాట రాకూడదని ఆ పని నడిచినన్నాళ్ళూ బాప్తిస్మాలు ఆపేశాడు. ఫూకో ఉంటే ఇక్కడ నవ్వుతాడు. 1978లో పారిస్ ఉపన్యాసాల్లో ఆయన వర్ణించిన కాపరి అధికారం, అంటే మంద మొత్తాన్నీ అందులోని ఒక్కొక్క గొర్రెనూ కూడా లెక్కపెట్టి, కాపాడుతూ అదుపు చేసే అధికారం, ఆ బాప్తిస్మపు రిజిస్టర్లలో కళ్ళకు కట్టినట్టు ఉంటుంది. నేను ఇదంతా ఒకసారి నాయనమ్మకు, ఆమెకు అర్థమయ్యే మాటల్లో, కాస్త గర్వంగా చెప్పాను. ఆమె విని, "అంతకుముందు మమ్మల్ని ఎవురు లెక్కపెట్టార్రా?" అంది.

ఆ జవాబుకు నా దగ్గర తిరుగు జవాబు లేదు. సొంత కథను సందేహించగలగడానికి ముందు సొంత కథంటూ ఒకటి చేతికి రావాలి. 1981లో బెంగళూరులోని యునైటెడ్ థియొలాజికల్ కాలేజీలో దైవశాస్త్రవేత్త అరవింద్ నిర్మల్ శూద్ర దైవశాస్త్రం కావాలంటూ చేసిన ప్రసంగం, తర్వాత దళిత దైవశాస్త్రంగా ఎదిగిన ఆలోచన, ఇక్కడే పాశ్చాత్య పోస్ట్‌మోడర్నులతో విడిపోతుంది. బ్రాహ్మణీయ దర్శనాల చుట్టూ తిరుగుతున్న భారతీయ క్రైస్తవ దైవశాస్త్రం ఎవరికీ చెందని తటస్థ సత్యం కాదని చెప్పడంలో ఆయన లియోటార్ పక్కన నిలబడగలడు. కానీ ద్వితీయోపదేశకాండం 26వ అధ్యాయంలో, దిక్కులేని సంచారి అయిన పూర్వీకుణ్ణి తలుచుకుంటూ ఇశ్రాయేలీయులు చెప్పుకునే విశ్వాస ప్రకటనను దళితుల చరిత్రకు నమూనాగా తీసుకున్నప్పుడు, ఆయన ఒక పెద్ద కథను రెండు చేతులా ఎత్తుకున్నాడు. దాన్ని దించమని చెప్పే అర్హత వత్తిమోకు లేదు, నాకూ లేదు.

అయితే దీనికీ మిల్‌బ్యాంక్ కోటకూ తేడా ఏమిటని హైదరాబాదు సభలోని ఆ అమ్మాయిలాంటి వాళ్ళెవరైనా అడగవచ్చు. ఇద్దరూ తమ కథనే పట్టుకున్నారు, ఇద్దరూ బయటి కొలతలను కాదన్నారు. నాకు తోచిన తేడా ఒకటే, అది పూర్తిగా తృప్తినివ్వదు కూడా. నిర్మల్ ఎత్తుకున్న కథలో చెప్పేవాడి దీనత్వమే మొదటి వాక్యం. సంఘం లోపల కులం పాటించేవాళ్ళను ఆ కథే నిలదీస్తుంది. సందేహం సిద్ధాంతంగా లేకపోయినా ఆ పనిని గాయం చేస్తోంది. కానీ రేపు ఆ కథ కూడా గెలిచి, రిజిస్టర్లు దాని చేతికి వస్తే? ఉపకులాల మధ్యా, ఆడవాళ్ళ విషయంలోనూ ఇప్పటికే వినిపిస్తున్న ప్రశ్నలను అది ఎలా వింటుంది? ఇక్కడ నా కొలత మళ్ళీ అవసరమవుతుంది. అంటే దాన్ని పారేయలేను, అందరికీ ఒకే సమయంలో వర్తింపజేయనూ లేను.

సంక్రాంతికి ముందు ఆ యువ కాపరి మా ఇంటికి వచ్చాడు. ఆ రోజు ఆయన ప్రసంగం గురించి నేను అన్న మాటలు ఎవరో చేరవేశారట. కోపంగా లేడు, కుతూహలంగా ఉన్నాడు. టీ తాగుతూ వత్తిమో గురించీ, రిక్తుడైన దేవుడి గురించీ చెప్పాను. చాలాసేపు విని, సంచిలోంచి బైబిలు తీసి ఆ వచనం మీద వేలు పెట్టాడు.

"రిక్తునిగా 'చేసికొనెను' అని ఉంది మాస్టారూ. ఉన్నవాడు కాబట్టి చేసుకున్నాడు. మా సంఘంలో వాళ్ళకు ఖాళీ చేసుకోవడానికి ఏముందండీ?"

"మీకు ఉంది కదా అయ్యగారూ" అన్నాను. అనేశాక కాస్త కటువుగా ఉందేమోననిపించింది.

ఆయన నొచ్చుకోలేదు. పుస్తకం మూయకుండానే కాసేపు ఆలోచించి, వచ్చే ఆదివారం అదే అధ్యాయం చెప్పాల్సి ఉందన్నాడు. తొమ్మిదో వచనం దాకా చదవక మానననీ, జనం ఎదురుచూసేది దానికోసమేననీ, కాకపోతే ఏడో వచనం దగ్గర ఈసారి కొంచెం ఎక్కువసేపు నిలబడతాననీ చెప్పి, చెప్పులు వేసుకుని బండి తీశాడు.